అజాథయోప్రిన్ మాత్రకు ముందు జన్యు పరీక్ష: ఎలా చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి

నల్గొండలో మాకు మందుల దుకాణం ఉంది. దేవరకొండ నుంచీ, మిర్యాలగూడ నుంచీ, అప్పుడప్పుడు అచ్చంపేట వైపు నుంచీ వచ్చేవాళ్ల చేతిలో హైదరాబాదు డాక్టరు రాసిన చీటీ ఉంటుంది. జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్ అనో క్రాన్స్ అనో రాసి ఉంటుంది. ఇంట్లో మాత్రం అందరూ పేగుపూత అనే అంటారు. చీటీలో అజాథయోప్రిన్ 50 కనబడగానే నాకు తెలుసు, ప్రశ్న రాబోతోందని. "అన్నా, దీనికి తెల్లకణాలు పడిపోతాయట, జుట్టంతా ఊడుతుందట. వేసుకోవచ్చా?"

గల్లా దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన సంగతి. ఆయనను ఏమి అడగాలి, ఏ పరీక్ష చేయించాలి, వచ్చిన కాగితంలో ఏ గడి చూడాలి అన్నంత వరకే నా పని.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో: ఈ మాత్ర ఒంట్లో విరిగి వేరే పదార్థాలుగా మారుతుంది. అవి సరిపడా ఉంటే పేగుల వాపు తగ్గుతుంది. మించి పేరుకుంటే ఎముక మూలుగలో తెల్ల రక్తకణాల తయారీ ఆగిపోతుంది. మించినదాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేసే పని ముఖ్యంగా రెండు జన్యువులది: ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ. పుట్టుకతోనే ఆ చీపురు అరిగిపోయి ఉన్నవాళ్లకు మామూలు మోతాదే విషమవుతుంది. మందు పడకపోవడానికి పుట్టుక కారణం కావడం మన వైపు కొత్త కాదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు. కొందరికి అది గంటల తరబడి దిగదు. వైశ్య కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందని మత్తు డాక్టర్లకు బాగా తెలుసు.

సిద్ధం చేసుకోవాల్సినవి

- పరీక్ష పేరు స్పష్టంగా రాసిన డాక్టరు చీటీ
- వారం పది రోజుల లోపు చేయించిన సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష) రిపోర్టులు (మందుకు ముందు అంకెలు ఇవి, తరువాత పోల్చుకోవడానికి ఇవే ఆధారం)
- ఈ మధ్య తూచిన బరువు
- వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో. కీళ్లనొప్పి మాత్రలు, యూరిక్ ఆసిడ్ మాత్రలు, నాటు మందులు కూడా
- ఒక గోడ క్యాలెండరు

1. సరైన పరీక్ష అడగండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ల్యాబుకు వెళ్లి "అజాథయోప్రిన్ పరీక్ష" అంటే చాలాసార్లు టీపీఎంటీ ఒక్కటే చేసి ఇస్తారు. పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో దానికే పెద్దపీట, ఎందుకంటే అక్కడివాళ్లలో ఎక్కువగా చెడేది అదే. మన దేశంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎన్‌యూడీటీ15. ఈ సంగతి మొదట 2014లో కొరియాలోని క్రాన్స్ రోగుల్లో బయటపడింది. 2020లో మన దేశపు పేగుపూత రోగులు 1014 మందిని పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో కూడా తెల్లకణాలు పడిపోయేదెవరికో ముందే చెప్పడంలో టీపీఎంటీ కంటే ఇదే మెరుగని తేలింది. మనలో పదిమందికి ఒకరు అటూఇటూగా ఈ జన్యువులో మార్పు మోస్తుంటారు.

కాబట్టి చీటీలో "ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ జీనోటైపింగ్" అని రెండూ ఉండాలి. లేకపోతే డాక్టరునే అడిగి రాయించుకోండి. "టీపీఎంటీ నార్మల్" అన్న ఒక్క కాగితం చేతికి వస్తే పరీక్ష సగమే అయిందనుకోండి.

ధర ల్యాబుకో రకంగా ఉంటుంది. నమూనా తీసుకునే మన ఊరి కేంద్రంలో ఒక మాట, హైదరాబాదు ల్యాబులో ఇంకో మాట చెప్పిన సందర్భాలు చూశాను. రెండు మూడు చోట్లకు ఫోను చేసి అడగండి. రెండు జన్యువులూ కలిపిన ధరేనా అని మాత్రం తప్పకుండా అడగండి.

ప్రత్యామ్నాయం: పరీక్షకు డబ్బు కుదరకపోతే ఆ మాట డాక్టరుకు దాపరికం లేకుండా చెప్పండి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారం వారం సీబీపీ చూసుకుంటూ నెమ్మదిగా పెంచే పద్ధతి ఉంది. పరీక్ష లేకుండా, సీబీపీ కూడా లేకుండా పూర్తి మోతాదు వేసుకోవడం మాత్రం పద్ధతి కాదు.

2. రక్తం ఇవ్వండి, రిపోర్టు కోసం ఆగండి

పరగడుపున వెళ్లనక్కర్లేదు. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్లు తీస్తారు. సీబీపీకి తీసేదీ అలాంటి గొట్టంలోనే కాబట్టి ఒకే సూదిపోటుతో రెండూ అయిపోతాయి.

రక్తహీనతకు ఈ మధ్య రక్తం ఎక్కించి ఉంటే ల్యాబువాళ్లకు చెప్పండి. టీపీఎంటీని ఎంజైము పద్ధతిలో కొలిస్తే ఎర్రకణాల మీద కొలుస్తారు. రెండు మూడు నెలల లోపు రక్తం ఎక్కించినట్లయితే రిపోర్టులో వచ్చేది మీ లెక్క కాదు, దాత లెక్క. జన్యు పద్ధతికి ఈ చిక్కు తక్కువ.

రిపోర్టుకు వారం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. "అంతవరకు జబ్బు ముదిరిపోదా?" అని కంగారు పడతారు. అజాథయోప్రిన్ పని చూపడానికే రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు పేగును పట్టి ఉంచేది సాధారణంగా ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడే. అందుకే ఒక వారం ఆగితే పోయేదేమీ లేదు. డాక్టరు కారణం చెప్పి వెంటనే మొదలుపెట్టమంటే సరే, "వారం వారం సీబీపీ చూపించనా?" అని అడిగి మొదలుపెట్టండి.

3. రిపోర్టు చదవండి

ఎన్‌యూడీటీ15 దగ్గర 415 అనే అంకె, దాని పక్కన రెండు అక్షరాలు ఉంటాయి.

- సీసీ: జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు నకళ్లూ బాగున్నాయి. మామూలు మోతాదు.
- సీటీ: ఒకటి బాగుంది, ఒకటి చెడింది. మందు వద్దని కాదు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మామూలు మోతాదులో 30 నుంచి 80 శాతంతో మొదలుపెట్టి, రక్తం చూసుకుంటూ నడపాలి.
- టీటీ: రెండూ చెడ్డాయి. పేగుపూతకు ఈ మందు వద్దు, వేరేది చూడాలి. దీనికి తోబుట్టువైన మెర్కాప్టోప్యూరిన్ కూడా వద్దు.

టీపీఎంటీని ఇంకో తీరులో రాస్తారు. *1/*1 ఉంటే మామూలు. ఒకవైపు *1, ఇంకోవైపు *3సీ లాంటిది ఉంటే సగం పనిచేసే రకం. రెండువైపులా *1 కాకుండా *2, *3ఏ, *3సీ లాంటివి ఉంటే పనిచేయని రకం. కొన్ని ల్యాబులు అక్షరాలకు బదులు నార్మల్, ఇంటర్మీడియట్, పూర్ మెటబొలైజర్ అని రాస్తాయి, భావం అదే. రెండు జన్యువులూ ఇంటర్మీడియట్ అని వస్తే ఆ మాట డాక్టరుకు విడిగా గుర్తుచేయండి, మోతాదు ఇంకా తగ్గించాల్సి రావచ్చు.

లెక్క ఒకటి చేసి చూద్దాం. 60 కిలోల మనిషికి కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120, అంటే 50 మిల్లీగ్రాముల మాత్రలు రెండున్నరకు దగ్గర. అదే మనిషి సీటీ అయితే 30 శాతం 36, 80 శాతం 96. చీటీలో రోజుకు ఒక మాత్ర ఉంటే సబబే. రెండున్నర ఉంటే డాక్టరు ఆ జన్యు రిపోర్టు చూడకుండానే రాసి ఉండవచ్చు. నేనైతే మాత్రలు ఇచ్చే ముందు ఫోను చేయిస్తాను.

ఇప్పుడు మేనరికం సంగతి. మన వైపు మేనమామ కూతురును, అక్క కూతురును చేసుకోవడం ఇంకా ఉంది. ఒకే తాత నుంచి వచ్చిన చెడ్డ నకలు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ బిడ్డకు చేరే అవకాశం అలాంటి ఇళ్లలో ఎక్కువ. అంటే టీటీ వచ్చే అవకాశం ఎక్కువ. మీ తల్లిదండ్రులది మేనరికమైతే పరీక్షను వాయిదా వేయకండి. మీకు టీటీ అని తేలితే తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ అదే ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. వాళ్లకు జబ్బు లేకపోతే ఇప్పుడు పరీక్ష అవసరం లేదు, విషయం తెలిసి ఉంటే చాలు. ఈ మందును పేగుపూతకే కాదు, కీళ్లవాతానికీ, మూత్రపిండం మార్చినవారికీ కూడా రాస్తారు.

4. సీబీపీ తేదీలు క్యాలెండరు మీద రాయండి

సీసీ అని వచ్చినవాళ్లు రిపోర్టును ముడుపు కట్టి పెట్టి, సీబీపీ మానేస్తారు. ఇది రెండో పెద్ద తప్పు. రెండు జన్యువులూ బాగున్నవాళ్లలో కూడా తెల్లకణాలు పడిపోవడం ఉంది. జన్యు పరీక్ష మొదటి వారాల్లో వచ్చే పెద్ద ప్రమాదాన్ని చాలావరకు తప్పిస్తుంది, అన్ని ప్రమాదాలనూ కాదు.

మొదటి నెల వారానికోసారి, రెండో మూడో నెలల్లో రెండు వారాలకోసారి, ఆ తరువాత నెలకోసారి అన్నది మందు సమాచార పత్రం మాట. స్థిరపడ్డాక మూడు నెలలకోసారి చాలంటారు మన డాక్టర్లు చాలామంది. మోతాదు పెంచిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి వారం నుంచి. ఎల్ఎఫ్‌టీని కూడా మధ్యమధ్య చేర్చండి, కాలేయానికీ ఈ మందు పడకపోవచ్చు. సీబీపీకి హైదరాబాదు దాకా వెళ్లనక్కర్లేదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా చేస్తారు, నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు కూడా పెట్టారు. ప్రతిసారీ ఒకే ల్యాబుకు వెళితే పోల్చడం తేలిక.

కాగితం రాగానే అందరి కళ్లూ హిమోగ్లోబిన్ మీదకూ ప్లేట్‌లెట్ల మీదకూ పోతాయి. మీరు చూడాల్సింది టోటల్ కౌంట్ (తెల్లకణాల మొత్తం), న్యూట్రోఫిల్స్ (వాటిలో ఒక రకం). న్యూట్రోఫిల్స్ శాతంలో ఇస్తే లెక్క కట్టుకోండి. టోటల్ 3200, న్యూట్రోఫిల్స్ 40 శాతం అయితే 3200 × 40 ÷ 100 = 1280.

- టోటల్ 4000 కంటే తగ్గితే: డాక్టరుకు ఫోను.
- 3000 కంటే తగ్గినా, న్యూట్రోఫిల్స్ 1500 కంటే తగ్గినా: తరువాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.
- ఎంత తగ్గినా సరే, దానికి జ్వరం తోడైతే: ఆస్పత్రికి.

గీతకు పైనున్నా పడిపోయే వేగం చూడాలి. 9000 ఉన్నది రెండు వారాల్లో 4500 అయితే కాగితం మీద నార్మల్ అనే అచ్చవుతుంది, ఎర్ర గుర్తు పడదు. పాత కాగితం పక్కన పెట్టి చూసినవాడికే అది పట్టుబడుతుంది.

ఇంకో మెలిక స్టెరాయిడ్. ప్రెడ్నిసోలోన్ వేసుకుంటున్నంత కాలం తెల్లకణాల లెక్క పైకి కనిపిస్తుంది. దాన్ని తగ్గించుకుంటూ వచ్చే వారాల్లో అసలు లెక్క బయటపడుతుంది. ఆ వారాల్లో సీబీపీ ఒక్కటి కూడా వదలకండి. ఎంసీవీ (ఎర్రకణాల సైజు) అనే అంకె కాస్త పెరిగితే గాభరా వద్దు, ఈ మందుకు అది మామూలే.

5. ఒళ్లు చెప్పే గుర్తులు

రెండేళ్ల కింద, వానాకాలంలో, దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. కొడుక్కి డెంగీ అన్నారట. పారాసిటమాల్ కావాలి, ఓఆర్ఎస్ కావాలి, దాంతోపాటు "పేగు మాత్ర" ఇంకో నెలకు. ఇంటి దగ్గర బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారు. ఆ అబ్బాయి ఆటోలోనే కూర్చున్నాడు, ఎండ లేకపోయినా తలకు తువ్వాలు చుట్టుకుని. తీయమంటే తీశాడు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా తువ్వాలుకు అంటుకుని వచ్చింది. మాత్ర మొదలుపెట్టి నాలుగో వారం. సీబీపీలో తెల్లకణాలు 1800. రాసిన చోట జన్యు పరీక్ష మాటే ఎత్తలేదు, జ్వరం చూసిన చోట ఏ మందులు వాడుతున్నావని అడగలేదు. డెంగీలోనూ తెల్లకణాలు తగ్గుతాయి కాబట్టి కాగితం చూసి ఎవరికీ అనుమానం రాలేదు. మాత్ర అమ్మకుండా, వాళ్ల డాక్టరుకు నా ఫోను నుంచే కలిపించాను. కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డాడు. తరువాత చేయించిన పరీక్షలో టీటీ. తల్లిదండ్రులది మేనరికం.

అందుకే వానాకాలం జ్వరాల రోజుల్లో ఎక్కడికి వెళ్లినా ముందు ఈ మాత్ర పేరు చెప్పండి. కింది వాటిలో ఏది కనిపించినా ఆ పూట మాత్ర ఆపి, సీబీపీ చేయించి, డాక్టరుకు ఫోను చేయండి.

- 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం. గొంతునొప్పి, నోటిలో పుండ్లు
- మొదటి నెలల్లో దువ్వెనకు కాదు, చేతికి వచ్చేంతగా జుట్టు ఊడటం
- పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, వాంతులు
- కళ్లు పచ్చబడటం

మూడోది క్లోమం వాపు కావచ్చు. సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే వస్తుంది. దీనికీ జన్యువులతో సంబంధం ఉంది, అయితే అవి హెచ్ఎల్ఏ అనే వేరే గుంపులోవి. పైన చెప్పిన రిపోర్టు బాగున్నంత మాత్రాన ఇది రాదనుకోకూడదు. లైపేజ్, అమైలేజ్ పరీక్షలతో తేలుతుంది. ఒకసారి వచ్చిందంటే ఈ మందు జన్మలో మళ్లీ ముట్టకూడదు.

ఉత్త వికారం వేరు. రాత్రి భోజనం తరువాత వేసుకుంటే, లేదా డాక్టరును అడిగి రెండు పూటలకు పంచుకుంటే చాలామందికి సర్దుకుంటుంది.

6. సంచిలోని మిగతా మందులు చూపించండి

జన్యువు బాగున్నా చీపురును కట్టేసే మందులున్నాయి. మొదటివి యూరిక్ ఆసిడ్ మాత్రలు: అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్. అల్లోప్యూరినాల్ తప్పనిసరైతే అజాథయోప్రిన్‌ను డాక్టరు నాలుగో వంతుకు దించుతారు. ఫెబుక్సోస్టాట్‌తో అసలు కలపవద్దంటారు. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి మోకాళ్లూ నడుమూ పట్టేయడం ఇంటింటి కథ. మర్రిగూడ, మునుగోడు వైపు కీళ్లనొప్పి అనగానే ఎవరో ఒకరు యూరిక్ ఆసిడ్ మాత్ర చేతిలో పెడతారు. పేగుపూత ఉన్నవాళ్లు దాన్ని అడగకుండా మింగకూడదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలతో ఇంకో బాధ, అవి పేగు జబ్బునే రెచ్చగొట్టవచ్చు. కోట్రైమోక్సజోల్ అనే సల్ఫా యాంటీబయాటిక్ కూడా తెల్లకణాలను తగ్గించే రకమే.

7. చీటీలో సల్ఫాసలజీన్ ఉంటే

ఇది పేగుపూతకే రాసే ఇంకో మందు. దీనికి ముందు అడగాల్సింది వేరే పరీక్ష, జీ6పీడీ. ఈ ఎంజైము పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్లకు సల్ఫాసలజీన్‌తో ఎర్రకణాలు పగిలిపోవచ్చు. మూత్రం నల్ల టీ డికాక్షన్ రంగులోకి మారడం, కళ్లు పచ్చబడటం, మెట్టు ఎక్కితే ఆయాసం దాని గుర్తులు. మగవాళ్లలో ఎక్కువ. పరీక్ష చౌక, మందుకు ముందే చేయించాలి. కణాలు పగిలిన వెంటనే చేయిస్తే అబద్ధంగా నార్మల్ అని రావచ్చు, ఎందుకంటే లోపమున్న ముసలి కణాలన్నీ అప్పటికే పోయి ఉంటాయి. అలాంటప్పుడు కొన్ని వారాలు, రెండు మూడు నెలల వరకు ఆగి మళ్లీ చేయించాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. పిల్లల కోసం చూస్తున్న మగవాళ్లు కూడా చెప్పాలి; ఈ మందుతో వీర్యకణాలు తగ్గుతాయి, ఆపితే తిరిగి వస్తాయి. పేగుపూతకే రాసే మెసలమీన్‌కు ఇలాంటి జన్యు పరీక్ష ఏదీ అడగరు, అప్పుడప్పుడు క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) చూస్తే చాలు.

పేగుపూతకే ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్ల విషయంలో హెచ్ఎల్ఏ-డీక్యూఏ1*05 అనే జన్యు రకం మాట వినిపిస్తుంటుంది. అది ఉన్నవాళ్లలో మందుకు ఎదురు తిరిగే యాంటీబాడీలు త్వరగా పుడతాయి. మన దగ్గర అంతకంటే ముందు చూడాల్సింది క్షయ: ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా ఇగ్రా పరీక్ష.

టీటీ అని వస్తే

మందులు అయిపోయినట్లు కాదు. క్రాన్స్‌కు మెథోట్రెక్సేట్ ఉంది. అది రోజూ వేసుకునేది కాదు, వారానికి ఒక్కసారే. గర్భం విషయంలో మగవాళ్లయినా ఆడవాళ్లయినా డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. పైన చెప్పిన ఇంజెక్షన్లు ఉన్నాయి, టోఫాసిటినిబ్ లాంటి కొత్త మాత్రలు ఉన్నాయి. ఏది అన్నది జబ్బు తీవ్రతను బట్టీ, చేతిలోని డబ్బును బట్టీ ఉంటుంది.

రిపోర్టు దాచుకోవడం

జన్యు పరీక్ష జన్మలో ఒక్కసారి చాలు. డాక్టరు మారినా, ఊరు మారినా మళ్లీ చేయించనక్కర్లేదు, ఎవరైనా చేయించమంటే పాత కాగితం చూపించండి. ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో "ఎన్‌యూడీటీ15: సీటీ" అనో "టీటీ: అజాథయోప్రిన్ ఇవ్వరాదు" అనో పెద్ద అక్షరాలతో రాయించండి. అర్ధరాత్రి ఆస్పత్రిలో ఫైలు తెరిచి చదివే తీరిక ఎవరికీ ఉండదు, అట్ట మాత్రం అందరికీ కనిపిస్తుంది.